టర్మ్స్ మారితే యూజర్లకు ఎలా చెప్పాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

యాప్ తెరవగానే అడ్డంగా ఒక పెట్టె వస్తుంది. "మా సేవా నిబంధనలు మారాయి" అని ఒక ముక్క, కింద పచ్చ బటన్. పని తొందరలో ఉంటాం, నొక్కేస్తాం. ఆ ఒక్క నొక్కుతో మన ఫోన్ నంబరు ఎవరి చేతికి వెళ్తుందో, వచ్చే నెల నుంచి ఎంత ఎక్కువ కట్టాలో, గొడవ వస్తే ఏ ఊరి కోర్టుకు పోవాలో మారిపోయి ఉండొచ్చు.

యాప్‌లు, వెబ్‌సైట్లు నడిపేవాళ్లూ, వాటిని వాడేవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. నా పక్షం ముందే చెప్పేస్తున్నాను. మార్పు సంగతి మనిషికి చేరవేసే పని కంపెనీదే. ఆ భారాన్ని వాడేవాళ్ల నెత్తిన పెట్టే ఏ ఏర్పాటైనా తప్పే. మీ గొడవ కోర్టు దాకా వెళ్లేలా ఉంటే మాత్రం లాయరుతో మాట్లాడండి, ఈ పేజీ దానికి బదులు కాదు.

కొత్త నిబంధనలు వెబ్‌సైట్‌లో పెట్టేశాం. చెప్పినట్టే కదా?

కాదు. ఇంటి ఓనరు అద్దె పెంచుతున్నానని కాగితం రాసి తన ఇంట్లో గోడకు అంటించుకుంటే, అద్దెకున్నవాళ్లకు చెప్పినట్టు అవుతుందా?

అమెరికాలో దీని మీద 2007లో ఒక స్పష్టమైన తీర్పు వచ్చింది. డగ్లస్ వర్సెస్ టాక్ అమెరికా కేసు. డగ్లస్ ఒక కంపెనీ దగ్గర లాంగ్ డిస్టెన్స్ ఫోన్ సర్వీసు తీసుకున్నాడు. ఆ వ్యాపారాన్ని తర్వాత టాక్ అమెరికా కొనేసింది. అదనపు చార్జీలు, కోర్టుకు బదులు ఆర్బిట్రేషన్‌కే (ప్రైవేటు మధ్యవర్తి తీర్పుకే) వెళ్లాలనే షరతు, అందరూ కలిసి కేసు వేసే హక్కు వదులుకోవడం, ఇవన్నీ చేర్చి కొత్త ఒప్పందాన్ని వెబ్‌సైట్‌లో పెట్టి ఊరుకుంది. ఆయనకు విడిగా చెప్పలేదు. బిల్లు క్రెడిట్ కార్డు నుంచి దానంతటదే పోయేది కాబట్టి ఆ వెబ్‌సైట్‌కు వెళ్లాల్సిన అవసరం ఆయనకు రాలేదు. అలా నాలుగేళ్లు గడిచాయి. నిబంధనలు మారాయేమో అని అప్పుడప్పుడూ వెబ్‌సైట్ చూసుకోవాల్సిన బాధ్యత కస్టమర్ మీద లేదని, ఉందని తెలియని ప్రతిపాదనకు ఎవరూ ఒప్పుకున్నట్టు కాదని ఫెడరల్ అప్పీల్ కోర్టు తేల్చి చెప్పింది.

మన దగ్గర ఇంతకన్నా పాత మాటే ఉంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, ఒక ప్రతిపాదన అవతలి మనిషికి తెలిసినప్పుడే అది అతనికి చేరినట్టు. వెబ్‌సైట్‌లో అడుగున చిన్న అక్షరాల లింకు వెనక పెట్టిన పేజీ ఎంతమందికి తెలుస్తుంది?

"మేము ఎప్పుడైనా మార్చుకోవచ్చు, మీరే చూసుకుంటూ ఉండాలి" అని మొదటి ఒప్పందంలోనే రాశాం. అది సరిపోదా?

ఆ వాక్యం దాదాపు ప్రతి యాప్ నిబంధనల్లోనూ ఉంటుంది. ఉన్నంత మాత్రాన న్యాయమైపోదు. బేరమాడే శక్తి లేని మనిషి చేత పెద్ద సంస్థ సంతకం పెట్టించుకున్న అన్యాయమైన షరతు చెల్లదని 1986లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సెంట్రల్ ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ కేసు అది. మూడు నెలల నోటీసు ఇచ్చి పర్మనెంట్ ఉద్యోగిని ఏ కారణమూ చెప్పకుండా తీసేయొచ్చన్న రూలును అందులో కొట్టేశారు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంకో అడుగు ముందుకేసి "అన్యాయమైన ఒప్పందం" అంటే ఏమిటో నిర్వచించింది. సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకోగలగడం, వినియోగదారుడికి నష్టం చేసే అసమంజసమైన చార్జీ లేదా షరతు విధించడం అందులోకి వస్తాయి. ఇలాంటి ఒప్పందాల మీద ఫిర్యాదు వినే అధికారం రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు, జాతీయ కమిషన్‌కు ఉంది. జిల్లా కమిషన్‌లో వేస్తే అక్కడే ఆగిపోతుంది, గుర్తుంచుకోండి.

మార్పులు తెలియజేయమని మన చట్టాల్లో నేరుగా ఎక్కడైనా ఉందా?

ఉంది. ఒక్కచోట లేదు, నాలుగైదు చోట్ల ముక్కలు ముక్కలుగా ఉంది.

సోషల్ మీడియా, మెసేజింగ్ లాంటి వేదికలకు 2021లో వచ్చిన ఐటీ నిబంధనలు వర్తిస్తాయి. తమ రూల్స్, ప్రైవసీ పాలసీ, యూజర్ అగ్రిమెంట్ గురించి, వాటిలో వచ్చిన మార్పుల గురించి యూజర్లకు ఏడాదికి ఒక్కసారైనా చెప్పాలని అందులో ఉంది. ఏడాదికోసారి అనేది చాలా తక్కువ. జనవరిలో మార్చి డిసెంబర్‌లో చెప్పినా లెక్కకు సరిపోతుంది. దాన్ని కనీస హద్దుగా చూడాలి.

వ్యక్తిగత డేటాకు సంబంధించి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ఉంది. 2023 ఆగస్టులో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు 2027 మే నుంచి అమలవుతాయి. ఏ డేటా తీసుకుంటున్నారో విడివిడిగా, ఎందుకు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పే నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు వేరే ఏ పత్రమూ తిరగేయకుండానే అర్థం కావాలి. సమ్మతి ఒక ఫలానా పనికి ఇచ్చేది కాబట్టి, పని మారితే మళ్లీ అడగాల్సిందే. ఈ చట్టంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. డాక్టర్ సలహా ఇచ్చే యాప్ మన ఫోన్‌లోని కాంటాక్టులన్నీ చూసుకోవడానికి కూడా అనుమతి అడిగింది, మనం సరే అన్నాం. అయినా ఆ సమ్మతి వైద్య సలహాకు అవసరమైన డేటా వరకే చెల్లుతుంది. కాంటాక్టుల లిస్టుకు వర్తించదు.

బ్యాంకులకు, అప్పులిచ్చే సంస్థలకు ఆర్బీఐ వేరే నిబంధనలు పెట్టింది. దాని గురించి కింద చెప్తాను.

తెలుగులో ఇవ్వాలా? ఇంగ్లీషులో ఇస్తే చాలదా?

డేటా చట్టం ప్రకారం నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చూసుకునే వీలు యూజర్‌కు ఇవ్వాలి. తెలుగు అందులో ఉంది. ఐటీ నిబంధనలకు 2022 అక్టోబర్‌లో చేసిన సవరణ కూడా రూల్స్, ప్రైవసీ పాలసీ, యూజర్ అగ్రిమెంట్‌ల విషయంలో ఇదే భాషల మాట చెప్పింది. అప్పుల విషయంలో నిబంధనలు, వడ్డీ, చార్జీలు మారితే అప్పు తీసుకున్న మనిషికి అర్థమయ్యే భాషలో తెలియజేయాలని ఎన్‌బీఎఫ్‌సీలకు (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలకు) ఆర్బీఐ ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్ చెప్తోంది.

ఇంతా ఉన్నాక కూడా జరిగేది ఏమిటంటే, యాప్‌లో మెనూ తెలుగులో ఉంటుంది, ఆఫర్లు తెలుగులో ఉంటాయి, యాడ్స్‌లో మన హీరోలు మన యాసలో మాట్లాడతారు. నిబంధనల దగ్గరికి వచ్చేసరికి ముప్పై పేజీల ఇంగ్లీషు. అమ్మేటప్పుడు వచ్చిన తెలుగు, షరతులు చెప్పేటప్పుడు రాకపోవడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది. ఖమ్మంలో ట్రాక్టర్ లోను తీసుకున్న రైతుకూ, గుంటూరులో పొదుపు సంఘం నడిపే ఆవిడకూ కంపెనీ ఏం మార్చిందో తెలుసుకునే హక్కు ఉంది.

ఇచ్చే తెలుగు కూడా తెలుగులా ఉండాలి. మెషీన్‌తో తిప్పేసి పెడితే "ఇందులో పేర్కొనబడిన పక్షకారుల యొక్క బాధ్యతల పరిమితి" అని వస్తుంది. దాన్ని చదివిన మనిషి మళ్లీ ఇంగ్లీషు పేజీకే వెళ్తాడు. పెట్టేముందు మీ ఆఫీసులో లాయరూ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగీ కానివాళ్లలో ఒకరి చేత చదివించండి. మీ అకౌంట్స్ ఆవిడకో, డ్రైవర్‌కో అర్థమై, "ఓహో, ఇకనుంచి ఇది మారుతుందన్నమాట" అని తన మాటల్లో తిరిగి చెప్పగలిగితే బాగున్నట్టు.

వాట్సాప్ విషయంలో 2021లో అసలేం జరిగింది?

ఈ సబ్జెక్టులో పాఠం నేర్చుకోవాలంటే ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

2021 జనవరి మొదటి వారంలో వాట్సాప్ తెరిచిన వాళ్లకు ఒక నోటీసు కనిపించింది. నిబంధనలు, ప్రైవసీ పాలసీ మారుతున్నాయి, ఫిబ్రవరి 8 నుంచి అమలు, ఆ తర్వాత వాట్సాప్ వాడాలంటే వీటికి ఒప్పుకోవాలి. ఇదీ సారాంశం. ఏం మారుతోందో రెండు మూడు ముక్కల్లో, వివరాలు లింకుల వెనక. ఏది మారడం లేదో అసలు లేదు.

జనం ఏమనుకున్నారు? మన చాటింగ్‌లన్నీ ఫేస్‌బుక్ చదువుతుందట అనుకున్నారు. ఫ్యామిలీ గ్రూపుల్లో ఫార్వర్డ్‌లు పోటెత్తాయి. సిగ్నల్‌కు, టెలిగ్రామ్‌కు వలస మొదలైంది. నిజానికి సొంత మనుషులతో చేసే చాటింగ్‌కు ఉన్న ఎన్‌క్రిప్షన్ (మధ్యలో ఎవరూ చదవలేని రక్షణ) మారలేదు. వ్యాపార సంస్థలకు పంపే మెసేజ్‌ల గురించి, ఫేస్‌బుక్‌తో డేటా పంచుకోవడం గురించే అసలు సంగతి. ఆ తేడా నోటీసులోనే చెప్పి ఉంటే సగం టెన్షన్ ఉండేది కాదు. తర్వాత మన దేశంలో పత్రికల్లో ఫుల్ పేజీ ప్రకటనలు ఇచ్చుకోవాల్సి వచ్చింది, వాట్సాప్ స్టేటస్‌లోనే వివరణలు పెట్టుకోవాల్సి వచ్చింది. గడువును మే 15కు జరిపారు.

భయం కొంత అపార్థమే అయినా, కోపానికి గట్టి కారణం ఉంది. 2016లో పాలసీ మార్చినప్పుడు, యాడ్స్ కోసం ఫేస్‌బుక్‌తో డేటా పంచుకోవద్దని చెప్పుకోవడానికి పాత యూజర్లకు 30 రోజుల వీలు ఇచ్చారు. 2021లో అలాంటి వీలు లేదు. తీసుకో, లేదంటే వెళ్లిపో అన్నట్టు ఉంది. మార్కెట్లో పోటీ న్యాయంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2021 మార్చిలో విచారణకు ఆదేశించింది. 2024 నవంబర్‌లో వాట్సాప్, ఫేస్‌బుక్‌ల యజమాని కంపెనీ మెటా మీద రూ.213.14 కోట్ల జరిమానా వేసింది. యాడ్స్ కోసం వాట్సాప్ డేటాను మెటాలోని మిగతా కంపెనీలతో ఐదేళ్లు పంచుకోకూడదని కూడా ఆదేశించింది. 2025 నవంబర్‌లో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టి, ఐదేళ్ల నిషేధాన్ని తీసేసింది.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే ఘట్టం. కొత్త పాలసీకి ఒప్పుకోకపోయినా ఫీచర్లు తగ్గించబోమని 2021 మేలో వాట్సాప్ ప్రభుత్వానికి లేఖ ఇచ్చింది. ఆ సంగతి మామూలు యూజర్‌కు ఎలా తెలుస్తుంది? 2023 ఫిబ్రవరి 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ హామీని ఐదు జాతీయ పత్రికల్లో రెండుసార్లు ప్రకటించమని ఆదేశించింది. వద్దనే వీలు ఉన్నా, అది ఉందని చెప్పకపోతే లేనట్టే అని కోర్టు గుర్తించినట్టు నేను దాన్ని చదువుకుంటాను.

ఎన్ని రోజుల ముందు చెప్పాలి?

క్రెడిట్ కార్డు చార్జీలు మార్చాలంటే కనీసం నెల ముందు చెప్పాలని, అది కూడా నోటీసు తర్వాతి కాలానికే వర్తించాలని ఆర్బీఐ నిబంధన. యూరప్‌లో ఆన్‌లైన్ వేదికల మీద అమ్ముకునే వ్యాపారులకు కనీసం 15 రోజులు, పేమెంట్ సేవల్లో రెండు నెలలు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే వేదిక గిట్‌హబ్, ముఖ్యమైన మార్పులకు 30 రోజుల ముందు చెప్తానని తన నిబంధనల్లోనే రాసుకుంది.

చట్టంలో అంకె లేని చోట నా మాట 30 రోజులు. జీతం నెలకోసారి వస్తుంది, బిల్లులు నెలకోసారి కడతాం. వేరే సర్వీసుకు మారాలన్నా, ఇంట్లో మాట్లాడుకోవాలన్నా ఒక నెల చక్రం తిరగాలి. డేటా తీసి పెట్టుకోవాల్సిన సర్వీసులైతే, అంటే ఫొటోలు, అకౌంట్ పుస్తకాలు, మెయిల్స్ లాంటివి అయితే, రెండు నెలలు ఇవ్వండి. సెక్యూరిటీ కారణంగానో, కోర్టు ఆర్డర్ వల్లనో రాత్రికి రాత్రి మార్చాల్సి వస్తే మార్చండి. ఎందుకు ఆగలేకపోయారో ఆ నోటీసులోనే చెప్పండి.

ఎస్ఎంఎస్, ఈమెయిల్, యాప్ నోటిఫికేషన్, ఏది మంచిది?

ఒక్కటి చాలదు. రెండు దారుల్లో పంపండి. మన దగ్గర చాలామందికి ఈమెయిల్ ఐడీ ఉంటుంది, ఫోన్ కొన్నప్పుడు షాపులో కుర్రాడు పెట్టించింది. తెరిచి చూసేవాళ్లు తక్కువ. ఎస్ఎంఎస్, యాప్ లోపల నోటీసు, ఈ రెండూ కలిస్తే ఎక్కువమందికి చేరుతుంది. అరవై దాటినవాళ్లు ఎక్కువగా ఉండే పెన్షన్, ఇన్సూరెన్స్, బ్యాంకు సేవలకు పోస్టులో ఉత్తరం ఇప్పటికీ పనికొస్తుంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. "నిబంధనలు మారాయి, 24 గంటల్లో ఈ లింకు నొక్కి ఒప్పుకోకపోతే ఖాతా బ్లాక్" అనే మెసేజ్ సైబర్ దొంగలకు ఇష్టమైన మాట. కేవైసీ పేరుతో ఇలాంటివి రోజూ వస్తున్నాయి. నిజమైన కంపెనీ కూడా అదే గొంతుతో మాట్లాడితే జనానికి తేడా ఎలా తెలుస్తుంది? కాబట్టి ఎస్ఎంఎస్‌లో లింకు పెట్టకండి. "మా యాప్ తెరిచి, ప్రొఫైల్‌లో 'నిబంధనల్లో మార్పులు' చూడండి" అని రాయండి. ఓటీపీ అడగకండి. ఈరోజే, ఇప్పుడే అనే తొందర పెట్టకండి.

నోటీసులో ఏం రాయాలి?

ఇంటికి పాలు వేసే యాప్ ఒకటి ఉందనుకోండి. మామూలుగా ఇలా వస్తుంది:

"మీకు మరింత మెరుగైన అనుభవాన్ని అందించే దిశగా మా నిబంధనలు మరియు షరతులను నవీకరించాము. సేవలను కొనసాగించడం ద్వారా మీరు వీటికి సమ్మతించినట్లు పరిగణించబడును."

ఇందులో ఒక్క సమాచారమూ లేదు. అదే యాప్ ఇలా రాయొచ్చు:

"ఆగస్టు 1 నుంచి మూడు మార్పులు. ఒకటి: రేపటి పాలు వద్దనుకుంటే ఇప్పటిదాకా రాత్రి 11 వరకు ఆపుకోవచ్చు. ఇకపై 9 లోపు ఆపాలి. రెండు: వాలెట్‌ను ఏడాది పాటు వాడకపోతే రూ.20 కోస్తాం. ఇప్పుడు ఆ చార్జీ లేదు. మూడు: మీ ఫోన్ నంబరు, అపార్ట్‌మెంట్ పేరు మాతో కలిసి పనిచేసే కిరాణా డెలివరీ సంస్థకు ఇవ్వాలనుకుంటున్నాం. మీరు సరే అంటేనే ఇస్తాం, వద్దన్నా పాలు మామూలుగానే వస్తాయి. మిగతావేవీ మారలేదు. మొదటి రెండూ నచ్చకపోతే జూలై 31 లోపు ఖాతా మూసేయండి, వాలెట్‌లో ఉన్న డబ్బంతా మీ బ్యాంకు ఖాతాకు వేస్తాం."

తేదీ ముందే ఉంది. పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉన్నాయి. కంపెనీకి లాభం, మనకు నష్టం అయిన సంగతి కూడా దాచకుండా ఉంది. డేటా ఇవ్వడానికి సరే, వద్దు అనేది విడిగా అడిగారు. బయటికి వెళ్లే దారి, డబ్బు తిరిగొచ్చే దారి చెప్పారు. ఏది మారలేదో చెప్పారు. పెద్ద కంపెనీల లీగల్ టీములు ఇలా రాయడానికి భయపడతాయి. పూర్తి పత్రం లింకులో ఎలాగూ ఉంటుంది, ఈ నాలుగు ముక్కలు దానికి విరుద్ధంగా లేనంత వరకు భయపడాల్సింది లేదు.

2012 డిసెంబర్‌లో ఇన్‌స్టాగ్రామ్ కొత్త నిబంధనలు ప్రకటించినప్పుడు, లాయర్ల భాషలో ఉన్న ఒక పేరా చదివి జనం తమ ఫొటోలు అమ్ముకుంటారేమో అనుకున్నారు. మూడు రోజుల్లోనే యాడ్స్ భాగాన్ని పాత రూపానికి తిప్పేశారు. మామూలు మాటల్లో ముందే రాసి ఉంటే ఆ మూడు రోజుల గోల ఉండేది కాదు.

అక్షర దోషం దిద్దినా నోటీసు ఇవ్వాలా?

అక్కర్లేదు. దిద్దిన తేదీ, ఏం దిద్దారో పేజీలో ఒక లైను చాలు. డబ్బు, డేటా, ఖాతా మూసేసే అధికారం, గొడవ తేల్చుకునే చోటు, మన ఫొటోలు రాతల మీద హక్కు: ఈ ఐదింటిలో దేన్ని ముట్టుకున్నా నోటీసు ఇవ్వాలి. అనుమానంగా ఉంటే ఇవ్వండి.

నోటీసు చూసి ఏమీ అనకుండా వాడుతూ ఉంటే ఒప్పుకున్నట్టేనా?

చిన్న విషయాల్లో, నోటీసు నిజంగా చేరినప్పుడు, అలా అనుకోవచ్చు. డేటా విషయంలో కుదరదు. డేటా చట్టం సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా పనికే, తెలిసి, షరతు లేకుండా, స్పష్టమైన చర్య ద్వారా ఇవ్వాలంటోంది. మౌనం చర్య కాదు. ఇ-కామర్స్ నియమాలు 2020 కూడా కొనుగోలుకు సమ్మతిని దానంతటదే నమోదు చేసుకోవద్దని, ముందే టిక్ పెట్టి ఉంచిన పెట్టెలు పనికిరావని చెప్తున్నాయి.

"ఒప్పుకుంటున్నాను" పెద్ద పచ్చ బటన్‌గా, "వద్దు" కనీకనిపించని బూడిద రంగు అక్షరాల్లో పెట్టడం మరో తంతు. 2023 నవంబర్ 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (యూజర్‌ను మాయచేసే డిజైన్లు) మార్గదర్శకాల్లో ఇలాంటి 13 పద్ధతులను నిషేధించారు. లేని తొందర సృష్టించడం, వద్దన్నవాళ్లను సిగ్గుపడేలా చేయడం, అదే పనిగా విసిగించడం అందులో ఉన్నాయి.

కొత్త నిబంధనలకు ఒప్పుకోకపోతే యూజర్ పరిస్థితి ఏంటి?

బయటికి వెళ్లే దారి ఖర్చు లేకుండా ఉండాలి. చార్జీలు పెరిగాయని క్రెడిట్ కార్డు వెనక్కి ఇచ్చేస్తానంటే, బాకీ కట్టించుకుని, మూసేసినందుకు అదనంగా ఏమీ వసూలు చేయకుండా మూసేయాలని ఆర్బీఐ చెప్పింది. యూరప్‌లో డిజిటల్ సేవలో చేసిన మార్పు వల్ల చెప్పుకోదగ్గ నష్టం ఉంటే 30 రోజుల్లో ఉచితంగా ఒప్పందం తెంచుకోవచ్చు.

కంపెనీలు చేయాల్సింది: ఏడాది చందా కట్టినవాళ్లకు మిగిలిన నెలల డబ్బు తిరిగివ్వాలి, లేదా చందా అయ్యేదాకా పాత నిబంధనలే ఉంచాలి. ఫొటోలు, ఫైళ్లు దింపుకోవడానికి టైమివ్వాలి. చేరడానికి రెండు నొక్కులు చాలినప్పుడు, మానడానికి కస్టమర్ కేర్‌తో అరగంట మాట్లాడాల్సిన పని ఉండకూడదు. సమ్మతి ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలని డేటా చట్టం కూడా అంటోంది.

పాత డేటాకు కొత్త నిబంధనలు వర్తింపజేయొచ్చా?

ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన పని. అమెరికాలో గేట్‌వే లెర్నింగ్ అనే సంస్థ పిల్లలకు చదువు నేర్పే సామగ్రి అమ్మేది. కస్టమర్ల వివరాలు ఎవరికీ ఇవ్వబోమని చెప్పి తీసుకుంది. తర్వాత పాలసీ మార్చి, పాతవాళ్ల వివరాలను కూడా అద్దెకిచ్చింది. 2004లో అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. ఏఐ జోరు మొదలయ్యాక, 2024 ఫిబ్రవరిలో అదే సంస్థ మళ్లీ హెచ్చరించింది: గుట్టుగా నిబంధనలు మార్చి ఏఐకి డేటా వాడుకోవడం అన్యాయం, మోసం కిందికి రావొచ్చని.

జూమ్ 2023 మార్చిలో మార్చిన నిబంధనల్లో ఏఐ గురించిన భాగం ఆగస్టు దాకా పెద్దగా ఎవరి కంటా పడలేదు. పడ్డాక పెద్ద దుమారం. కొద్ది రోజుల్లోనే తిరిగి రాసి, కస్టమర్ల ఆడియో, వీడియో, చాట్‌లను ఏఐ శిక్షణకు వాడబోమని చెప్పాల్సి వచ్చింది. ఆన్‌లైన్ క్లాసులు, డాక్టర్ సంప్రదింపులు, అమెరికాలో ఉన్న పిల్లలతో మాట్లాడుకోవడం, అన్నీ అందులోనే జరుగుతున్నప్పుడు జనం ఉలిక్కిపడటంలో వింత లేదు.

చందా ధర పెరుగుతుంటే?

ఆటో డెబిట్ ఉంటే, డబ్బు తీసేముందు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలని ఆర్బీఐ నిబంధన. అది పంపేది బ్యాంకు. ధర పెరిగిందని నెల ముందు చెప్పాల్సింది కంపెనీ. పాత ధర, కొత్త ధర, ఏ తేదీ బిల్లు నుంచి, ఎక్కడ ఆపుకోవాలి: నాలుగు లైన్లు.

డెలివరీ చేసేవాళ్లు, క్యాబ్ డ్రైవర్లకు కూడా ఇదే వర్తిస్తుందా?

వాళ్లకు ఇంకా ఎక్కువ వర్తించాలి, వాళ్ల కూడు దాని మీదే ఉంది. కిలోమీటరుకు ఇచ్చే రేటు, ఇన్సెంటివ్ లెక్క పొద్దున యాప్ తెరిచేసరికి మారిపోతే పెట్రోలు ఖర్చు కూడా రాని రోజులుంటాయి. కర్ణాటకలో 2025లో తెచ్చిన గిగ్ వర్కర్ల చట్టం ప్రకారం, ఒప్పందంలో మార్పులు కనీసం 14 రోజుల ముందు చెప్పాలి. బెంగళూరులో బండి తోలే మనవాళ్లు చాలామంది, వాళ్లకు ఈ సంగతి తెలియాలి. రేటు తగ్గిస్తుంటే పాత లెక్కలో ఒక రోజు సంపాదన, కొత్త లెక్కలో అదే రోజు సంపాదన ఉదాహరణగా చూపించండి. చూపించడానికి మొహమాటంగా ఉందంటే ఆ మార్పు గురించే మళ్లీ ఆలోచించాలి.

మాది నలుగురు పనిచేసే చిన్న స్టార్టప్. ఇవన్నీ మావల్ల అవుతాయా?

అవుతాయి. పాత నిబంధనలను తేదీలతో ఒకే పేజీలో ఉంచండి, చెరపకండి. గిట్‌హబ్ తన పాలసీల ప్రతి మార్పునూ, ఏ లైను పోయిందో ఏ లైను వచ్చిందో అందరికీ కనిపించేలా పెడుతుంది. మీరు ఒక మామూలు డాక్యుమెంట్‌తోనే ఆ పని చేయొచ్చు. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ పెద్ద మార్పుల ముసాయిదాను ముందే పెట్టి, అభిప్రాయాలకు 30 రోజులైనా ఇస్తుంది. మీ యూజర్లలో ఓ ఇరవైమందికి ముందు పంపి అడగండి. వాళ్లు వేసే ప్రశ్నలే మీ నోటీసులో లేని వాక్యాలు. కస్టమర్ కేర్ ఫోన్ ఎత్తే మనిషికి నోటీసు వెళ్లకముందే అన్నీ వివరించండి. యూజర్ ఫోన్ చేసి అడిగితే "నాకు తెలియదు సార్" అనే మాట వినిపించకూడదు.

చెప్పకుండా మార్చేశారు. ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ముందు ఆధారాలు. పాప్-అప్ స్క్రీన్‌షాట్, తేదీ కనిపించేలా. వచ్చిన మెసేజ్‌లు, పాత బిల్లు, కొత్త బిల్లు. పాత నిబంధనల పేజీ మీ దగ్గర లేకపోతే పాత వెబ్ పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని వేబ్యాక్ మెషీన్‌లో దొరకొచ్చు.

తర్వాత కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా రాయండి. సోషల్ మీడియా, మెసేజింగ్ వేదికలైతే 24 గంటల్లో అందినట్టు చెప్పి, ఏడు రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, జవాబు నచ్చకపోయినా ప్రభుత్వం వేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి 30 రోజుల్లో వెళ్లొచ్చు. బ్యాంకు, ఎన్‌బీఎఫ్‌సీ అయితే 30 రోజులు చూసి ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు రాయండి, దాని హెల్ప్‌లైన్ 14448. మిగతా అన్నిటికీ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదులో "అన్యాయం జరిగింది" అని ఆపకండి. ఏ తేదీన ఏ నిబంధన ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది, మీకు ఎప్పుడు ఎలా తెలిసింది, ఎంత నష్టం, ఏం కావాలి: ఈ వరుసలో రాసి, డాకెట్ నంబరు (ఫిర్యాదుకు ఇచ్చే నంబరు) తీసి పెట్టుకోండి.